బోరు బండి రాకముందే గూడెంలో కాగితం ఉండాలి

ఈసారి పోస్టు పొడుగైంది. తీరిక ఉన్నప్పుడే చదవండి గానీ సగంలో ఆపొద్దు, పనికొచ్చేది చివరి సగంలోనే ఉంది.

మళ్లీ "నల్లమలలో యురేనియం" అని ఫార్వర్డులు తిరుగుతున్నాయి. తేదీ లేదు, ఊరి పేరు లేదు, 2019 నాటి ఫోటోలే. సగం మంది స్టేటస్ పెట్టేసినారు, మిగతా సగం మంది ఫేక్ అని కొట్టిపారేసినారు. ఫేకో నిజమో కాసేపు పక్కన పెడదాం. నా ప్రశ్న వేరే. రేపు నిజంగానే వస్తే, తవ్వాలా వద్దా అని మన గూడేలను అడగాల్సిన ఆఫీసు ఏది? ఈ ప్రశ్న హాస్టల్లో పదిమందిని అడిగినా. కలెక్టర్ అన్నారు, ఫారెస్టోళ్లు అన్నారు, పొల్యూషన్ బోర్డు అన్నారు, ఒకడు సుప్రీంకోర్టు అన్నాడు. ఎవరికీ సరిగ్గా తెలీదు. నాకూ తెలీదు అప్పటికి.

నాది ఆళ్లగడ్డ వైపు చెంచు గూడెం. నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. లా చదవలేదు. ఫోన్లో దొరికిన చట్టాలు, నోటిఫికేషన్లు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినా. అవి చదివినాక నాకు అర్థమైంది ముందే చెప్తా: చాలా ఆఫీసులు ఉన్నాయి, ఒక్కోటి తన ముక్క మాత్రమే చూస్తుంది, మనల్ని అడిగే కుర్చీలు ఒకటొకటిగా తీసేస్తున్నారు. మిగిలింది గ్రామసభ ఒక్కటే. దాన్నీ మనం వాడుకోవడం లేదు.

మన దగ్గరి సంగతితోనే మొదలుపెడతా. 2019 సెప్టెంబరులో ఆళ్లగడ్డ మండలం యాదవాడ దగ్గర యురేనియం కోసం బోర్లు వేస్తున్నారని బయటికొచ్చింది. ఊరోళ్లు వద్దన్నారు, మాజీ మంత్రి భూమా అఖిలప్రియ గారు వ్యతిరేకించినారు, పేపర్లలో వచ్చింది. అదే నెలలో కృష్ణకు అవతల అమ్రాబాద్ గొడవ తారస్థాయికి పోయింది. సినిమా వాళ్లు కూడా ట్వీట్లు పెట్టినారు. సెప్టెంబరు 16న తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మనమంతా గెలిచినాం అనుకున్నాం.

ఆ అమ్రాబాద్ ఫైలు ఎట్లా నడిచిందో చూడండి. అడిగింది అణు ఖనిజ డైరెక్టరేట్, అంటే ఏఎండీ. ఇది కేంద్ర అణుశక్తి శాఖ కింద ఉంటుంది, హెడ్డాఫీసు హైదరాబాద్‌లోనే. దీని పని యురేనియం ఎక్కడుందో వెతకడం. దొరికితే తవ్వేది వేరే సంస్థ, యుసిఐఎల్. ఏఎండీ అడిగింది పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు. 2016లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డు సరే అనేసింది. 2019 మేలో ఢిల్లీలో అటవీ సలహా కమిటీ దగ్గరికి ఫైలు పోయింది. కావాల్సిన కాగితాలు పూర్తిగా లేవని ఆ కమిటీయే రాసుకుంది. అయినా దేశానికి ముఖ్యమైన విషయం కాబట్టి సూత్రప్రాయంగా ఒప్పుకుంటున్నాం, కాగితాలు తర్వాత ఇవ్వండి అనింది. మనకు స్కాలర్‌షిప్‌లో ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఒక్కటి తక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు కదా.

అసెంబ్లీ తీర్మానం తర్వాత అది ఆగింది. ఆగినందుకు సంతోషమే. ఏ కాగితం మీద ఆగింది అనేదే నా బాధ. రాజకీయ వాతావరణం మీద ఆగింది. మన ఉమ్మడి జిల్లాలోనే ఇంకో సంగతి చూడండి. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో 468 హెక్టార్లలో 68 బోర్లు వేస్తామని ఏఎండీ ప్రతిపాదన వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కినాయి. నవంబరులో బోర్లు ఉండవని కలెక్టర్ ప్రకటించినారు. ఆ ఊళ్లకు దండం పెట్టాలి. కానీ కలెక్టర్ ప్రకటన చట్టం కాదు. కలెక్టర్లు మారతారు, ప్రభుత్వాలు మారతాయి, భూమిలో యురేనియం అట్లాగే ఉంటుంది. ఏఎండీ వాళ్లకు తొందరేం లేదు, వాళ్లు 1949 నుంచి వెతుకుతానే ఉన్నారు.

ఇప్పుడు ఎవరి పని ఏందో చెప్తా.

అడవి భూమిలో ఏదన్నా చేయాలంటే అటవీ అనుమతి కావాలి. అప్లికేషన్ డీఎఫ్‌వో దగ్గరికి వస్తుంది. ఎన్ని చెట్లు పోతాయి, ఏ జంతువులు ఉన్నాయి అని ఆయన రాస్తాడు. అక్కడి నుంచి రాష్ట్రానికి, తర్వాత కేంద్రంలో అటవీ సలహా కమిటీకి. పులుల అభయారణ్యం అయితే జాతీయ పులుల సంరక్షణ సంస్థ సలహా, జాతీయ వన్యప్రాణి బోర్డు అనుమతి అదనం. మన నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కాబట్టి ఇది మనకు కొంచెం అడ్డుగోడ. ఒప్పుకోవాల్సిందే, పులి పేరు మీద ఆగినంతగా మన పేరు మీద ఏదీ ఆగదు.

గని తవ్వాలంటే ఇంకోటి కావాలి, పర్యావరణ అనుమతి. 2006 నోటిఫికేషన్ ప్రకారం కంపెనీయే డబ్బులిచ్చి పర్యావరణ ప్రభావ నివేదిక రాయించుకుంటుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన, తెలుగులో సారాంశం, కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత, మొత్తం వీడియో తీయాలి. ఆ తర్వాత ఢిల్లీలో నిపుణుల కమిటీ చూసి సిఫారసు చేస్తుంది. రేడియేషన్ సంగతి అణుశక్తి నియంత్రణ బోర్డు చూస్తుంది. నీళ్లు, గాలి కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. మన సంక్షేమం ఐటీడీఏ చూస్తుంది, కానీ ఈ మొత్తం వరసలో ఐటీడీఏకి ఆపే కుర్చీ ఎక్కడా లేదు. సెలవులకు పోయినప్పుడు ఈ పేర్లన్నీ మా అవ్వకు చెప్పినా. "ఇంతమంది ఉన్నారు గదా, మరి గూడేనికి వచ్చేటోడు ఎవడు?" అని అడిగింది.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగ్ కాదు, అది కూడా తెలుసుకోవాలి. అందరూ వద్దన్నా అనుమతి రావొచ్చు. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టులో 2003 ఆగస్టు 19న పెట్టినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించినారు. అయినా 2005లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కానీ ఆ రోజు జనం చెప్పిన మాటలు రికార్డులో ఉండిపోయినాయి, ఉద్యమం నిలబడింది, ఆ గని ఇప్పటికీ మొదలు కాలేదు. అడ్డం పడేంత బలం లేకపోయినా, మన మాట సర్కారు కాగితం మీద ఎక్కే చోటు అది.

ఆ చోటు కూడా ఇప్పుడు లేదు. ఇది చాలామందికి తెలీదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అన్వేషణ దశకు పర్యావరణ అనుమతే అక్కర్లేదని 2009లో సవరణ చేసినారు. కాబట్టి బోర్లు వేసేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అనే మాటే రాదు. అటవీ అనుమతి ఒకటి మిగిలిందా, 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, కేంద్రం పెట్టే షరతులకు లోబడి చేసే సర్వే, అన్వేషణలను అటవీయేతర పని కింద లెక్కేయరాదు అన్నారు. సరే, గని దశలోనన్నా అడుగుతారు కదా అనుకుంటే, 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీస్ మెమోరాండం ఇచ్చింది. అణుశక్తి శాఖ, రక్షణ శాఖ అడిగినాయని, అణు ఖనిజాలు, ఇంకా కొన్ని కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని. పార్లమెంటులో చట్టం కూడా కాదు, ఒక మెమో. యురేనియం అణు ఖనిజమే. అంటే వెతికేటప్పుడు అడగరు, తవ్వేటప్పుడూ అడగరు.

అడిగితే ఏం ఒరిగేది అని మా సీనియర్ ఒకన్న అన్నాడు. దీనికి జవాబు కడప జిల్లాలో ఉంది. వేముల మండలం తుమ్మలపల్లెలో 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. గని, శుద్ధి కర్మాగారం వచ్చినాయి. వ్యర్థాలు పోసే టైలింగ్ పాండ్ కట్టినారు. తర్వాత కొన్నేళ్లకు కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు పాడైనాయి, అరటి తోటలు ఎండిపోతున్నాయి అని మొత్తుకున్నారు. 2018 ఆగస్టులో కాలుష్య నియంత్రణ మండలి యుసిఐఎల్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చింది. చెరువు అడుగున వేయాల్సిన పొర షరతు ప్రకారం వేయలేదని అందులో ఒక అభ్యంతరం. కంపెనీ ఒప్పుకోలేదు, ఆ నేలలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి నీళ్లలోనూ ఉంటుంది అనింది. ఎవరిది నిజం అనేది నేను తేల్చలేను. నేను గమనించింది ఒకటే. అనుమతిలో షరతు పెట్టింది ఒక ఆఫీసు, కట్టింది ఇంకొకరు, తనిఖీ చేయాల్సింది మూడో ఆఫీసు. చెరువు నిండినాక ఏళ్లకు గానీ నోటీసు రాలేదు, అదీ రైతులు తిరగంగా తిరగంగా. అడుగు పొర సంగతి నీళ్లు పోయక ముందు చూడాల్సింది. సభ పెట్టి, షరతులు రాసి, పేపర్లలో వేసిన చోటే ఇట్లా అయితే, సభే లేని చోట షరతు ఉందని ఎవరికి తెలుస్తుంది?

కరెంటు వద్దా, దేశం వద్దా అని అడిగేవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. వద్దని నేను అనడం లేదు. హాస్టల్లో కరెంటు పోతే మొదట అరిచేది నేనే. అణు విద్యుత్తు మంచిదా చెడ్డదా అనేది నా చదువుకు మించిన మాట. ఏఎండీ వాళ్లు చెప్పే ఒక మాట కూడా నిజమే, బోరు వేసినంత మాత్రాన గని కాదు. కానీ కోట్లు ఖర్చు పెట్టి వేల బోర్లు వేసి ఖనిజం ఉందని తేలినాక, ఇక గని వద్దు అని ఎవరన్నా అంటారా? అందుకే మొదటి బోరుకు ముందే అడగాలి అంటున్నా.

ఇప్పుడు మన నంద్యాల జిల్లా ప్రత్యేకమైన కష్టం. అమ్రాబాద్ వైపు చెంచులు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఉన్నారు. వాళ్లకు పెసా చట్టం ఉంది, 1/70 ఉంది. మనం అదే తెగ, అదే అడవి, అదే లింగమయ్య, మధ్యలో కృష్ణ ఒక్కటే అడ్డం. అయినా ఉమ్మడి కర్నూలు జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం జాబితాలో లేదు. కాబట్టి నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు వైపు గూడేలకు పెసా లేదు. మీటింగుల్లో "పెసా ప్రకారం మా అనుమతి కావాలి" అని మనవాళ్లు మైకులో అంటుంటే నాకు భయమేస్తుంది. ఎదుటి లాయరు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు.

మనకు ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. ఇది షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అని చూడదు. అడవి ఉంటే చాలు, గిరిజనులు ఉంటే చాలు. ఇందులో నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి.

గ్రామం అంటే పంచాయతీయే కానక్కర్లేదు. సెక్షన్ 2(పి)లో అటవీ గ్రామాలు, పాత ఆవాసాలు, సర్వే కాని ఊళ్లు కూడా గ్రామమే అని రాసి ఉంది. అంటే మన గూడెం గ్రామసభ మన గూడెంలోనే పెట్టుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. పంచాయతీ కేంద్రంలో సభ పెడితే వెయ్యి మందిలో మనం ముప్పై మందిమి, చేతులు ఎత్తినా కనపడవు. గూడెంలో పెడితే మొత్తం మనమే. సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మన గూడేల్లో ఆడవాళ్లే ముందు వస్తారు కాబట్టి దానికి ఇబ్బంది లేదు, మగవాళ్లను తేవడమే పని.

రెండోది, సెక్షన్ 5. అడవిని, నీటి వనరులను, మన ఆవాసాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇస్తుంది. ఒడిశాలో నియంగిరి కొండల డోంగ్రియా కోంధులు గెలిచింది ఈ చట్టం మీదే. బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు పెట్టినారు, 12 కూడా వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అది షెడ్యూల్డ్ ప్రాంతమే, కాదనను. కానీ కోర్టు గట్టిగా పట్టుకున్నది అటవీ హక్కులను, వాళ్ల కొండ దేవుడిని. వాళ్లూ మనలాగే పీవీటీజీ.

మూడోది కొంచెం చేదు. ఇంతకుముందు గ్రామసభ తీర్మానం ఫైలుతో పాటే పెట్టాలని కేంద్రం 2009లో సర్క్యులర్ ఇచ్చింది. 2022 అటవీ రూల్స్ వచ్చినాక కేంద్రం అనుమతి ముందు ఇచ్చేయొచ్చు, హక్కుల సంగతి రాష్ట్రం తర్వాత చూసుకోవచ్చు అన్నట్టు అయింది. జాతీయ ఎస్టీ కమిషన్ కూడా అభ్యంతరం చెప్పింది, అయినా మారలేదు. అంటే ఫైలు కదిలినాక మనల్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. వాళ్లు వచ్చేసరికి మన హక్కు అప్పటికే రికార్డులో ఉండాలి. ఉంటే, ఆ హక్కును దాటి పోవడానికి వాళ్లు జవాబు రాయాలి. లేకపోతే ఫైల్లో "ఈ ప్రాంతంలో పెండింగ్ క్లెయిములు లేవు" అని ఒక్క లైన్ రాస్తే చాలు, మనం లేనట్టే.

నాలుగోది ఆవాస హక్కు. సెక్షన్ 3(1)(ఇ). పీవీటీజీలకు ఉన్న హక్కు ఇది. ఎకరం, రెండెకరాలు కాదు, తరతరాలుగా తిరిగిన అడవి మొత్తం మీద. మధ్యప్రదేశ్ డిండోరి జిల్లాలో బైగాలకు వచ్చింది. ఇది ఇప్పించే బాధ్యత జిల్లా స్థాయి కమిటీదేనని 2012 రూల్స్‌లో ఉంది, ఆ కమిటీకి అధ్యక్షుడు కలెక్టర్. మనం అడుక్కోవాల్సింది కాదు, వాళ్లు చేయాల్సిన పని.

మా గూడెంలో అడిగి చూసినా. పట్టా ఉందా అంటే ఉంది అంటారు. తీసి చూస్తే అది ఫారం-ఏ కింద వచ్చిన సాగు పట్టా, ఒక్కో ఇంటిది. ఉమ్మడి హక్కులకు ఫారం-బి, ఉమ్మడి అటవీ వనరులకు ఫారం-సి. ఆ రెండూ ఎవరూ పెట్టలేదు. తేనె తీసే కొండలు, చింతపండు, గడ్డలు, ముష్టి గింజలు, పూర్వీకులను పూడ్చిన చోటు, లింగమయ్య రాయి, ఇవేవీ ఏ రికార్డులోనూ లేవు. అహోబిలం పార్వేటలో పల్లకి ముందు విల్లు పట్టుకుని నిలబడేది మనమే. చెంచులక్ష్మి మా ఆడబిడ్డ, నరసింహుడు మా అల్లుడు అని గర్వంగా చెప్పుకుంటాం. ఏ వాగు దాకా ఎవరి తేనె అనేది మా తాతలకు నోటికి తెలుసు. వాళ్లల్లో ఇప్పుడు మా గూడెంలో బతికున్నది నలుగురు.

తమాషా ఏమంటే చట్టం కాగితమే కావాలని అనడం లేదు. 13వ రూల్ చూడండి. పెద్దలు చెప్పిన మాట రాసుకుంటే అది సాక్ష్యం. సమాధులు, పూజ చేసే చోట్లు, పాత బావులు సాక్ష్యం. రెండు సాక్ష్యాలు ఉంటే చాలు. ఇంత తేలికగా మనకు ఏ సర్టిఫికెట్టూ రాదు. ఇది చేయగలిగింది మన వయసోళ్లమే, ఎందుకంటే రాయడం వచ్చింది మనకు, చెప్పగలిగేది వాళ్లు, వాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి.

సంక్రాంతి సెలవుల్లో నేను చేయబోయేది ఇది. గూడెంలో పెద్దోళ్లను కూర్చోబెట్టి హద్దులు, చోట్ల పేర్లు చెప్పించుకుంటా, ఫోన్లో రికార్డు చేసి తర్వాత తెల్ల కాగితం మీద రాసి వేలిముద్రలు తీసుకుంటా. ఇద్దరు కుర్రోళ్లతో పోయి ప్రతి చోటా ఫోటో, లొకేషన్ తీసుకుంటా. అటవీ హక్కుల కమిటీ మా గూడేనికి ఉందో లేదో, ఉంటే ఎవరున్నారో కనుక్కుంటా. లేకపోతే గ్రామసభ పెట్టి కొత్తగా ఎన్నుకోమని అడుగుతాం. ఫారం-బి, ఫారం-సి, ఆవాస హక్కు అర్జీ మూడూ కమిటీలో ఇచ్చి, ఒక సెట్టు సబ్‌డివిజన్ కమిటీకి పంపి, తేదీతో రసీదు తీసుకుంటాం. రసీదు లేకుండా ఎవరి చేతికీ కాగితం ఇవ్వొద్దు, ఎంత మంచి సారు అయినా సరే.

ఇంకో పని ఫోన్లోనే చేయొచ్చు. పరివేష్ అని కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ ఉంది. అటవీ, పర్యావరణ, వన్యప్రాణి అనుమతుల దరఖాస్తులన్నీ అందులో పెడతారు. ఆంధ్రప్రదేశ్, నంద్యాల అని పెట్టి వెతకండి. అంతా ఇంగ్లీషే, పీడీఎఫ్‌లు తెరుచుకోవడానికి సతాయిస్తాయి, అయినా ఊరి పేరు, హెక్టార్లు, ఎవరు అడిగినారు అనేది అర్థమవుతుంది. నెలకొకసారి ఒకరు చూస్తే చాలు, తేదీ లేని ఫార్వర్డులు పట్టుకుని తిరగక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా నేను చూసి ఇక్కడ పెడతా. ఏప్రిల్ నుంచి ఇంకొకరు తీసుకోండి, నాకు పరీక్షలు.

ఇక అడిగేది. రుద్రవరం, ఆళ్లగడ్డ, మహానంది, బండి ఆత్మకూరు, ఆత్మకూరు, కొత్తపల్లి, శ్రీశైలం మండలాల్లో గూడెం ఉన్నవాళ్లు కింద మూడు మాటలు రాయండి: గూడెం పేరు, అటవీ హక్కుల కమిటీ ఉందా లేదా, ఫారం-బి గానీ ఫారం-సి గానీ ఎప్పుడైనా పెట్టినారా. తెలీకపోతే ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని రాయండి. ఫారాలు తెలుగులో ఉన్నవి నా దగ్గర ఉన్నాయి, కావాలన్నవాళ్లకు పంపిస్తా. ప్రింటు మాత్రం మీరే తీసుకోవాలి, హాస్టల్ దగ్గర జిరాక్స్ షాపులో పేజీ రెండు రూపాయలు.